నిమ్మకాయను తొక్క కోసం అమ్ముదాం

పైన వీడియోలో నేను కుక్కర్‌లో కేకు చేసుడు చూసి, వీడు ఎవుసం విడిచిపెట్టి వంటలు మొదలుపెట్టిండా అని కొందరు అనుకుంటరు. అనుకోండి. ఆ కేకు వెనక నాకో అభిప్రాయం ఉంది, అది చెప్పడానికే ఇది రాస్తున్న.

మనం నిమ్మకాయను రసం కోసమే అమ్ముతున్నం. రసం పిండితే మన కాయకూ మందు కొట్టిన కాయకూ కొనేటోళ్లకు తేడా తెలియదు. ఎండాకాలం ధర ఉంటది. వానలు పడి కాపు దిగితే సంచి కాయలకు మంచిర్యాల దాకా ఆటో కిరాయి కూడా వెళ్లదు. అసలు తేడా తొక్కలో ఉంది. నిమ్మ వాసనంతా పై పొరలోని సన్నటి నూనె తిత్తుల్లోనే ఉంటది. కొట్టిన మందు ముందుగా పడేదీ ఆ పొర మీదే. బయటి దేశాల నారింజలకైతే కోసిన తర్వాత మైనం పూత, బూజు రాకుండా ఇమాజలిల్ లాంటి మందు మామూలు. మరి తొక్క తురిమి తినదగ్గ కాయ ఎవరి దగ్గర ఉండాలి? మన దగ్గర.

ఉంది అనకుండా ఉండాలి అన్నది ఊరికే కాదు. మా జైపూర్‌లో బొగ్గు లారీలు పోయే రోడ్డు పక్కన నాకు నాలుగు నిమ్మ చెట్లున్నయి. ఎండాకాలం ఆకు మీద వేలితో గీస్తే గీత పడుతది. వాటికి ఒక్క చుక్క రసాయనం కొట్టలే. అయినా ఆ కాయల తొక్కను మా పిల్లలకు పెట్టను, పెట్టనిది అమ్మను. అవి రసానికే. కేకుకు లోపలి గట్టు మీది చెట్ల కాయలే, అవి కూడా బాగా రుద్ది కడిగినంకనే. ఇట్ల బయటికి చెప్తే మన పేరు పోతదని తోటి రైతు ఒకాయన కోపం చేసిండు. చెప్పకుండా అమ్మి, ఒకనాడు కొన్నాయన చేతికి నల్లగ అంటితే పోయేది ఇంకా పెద్ద పేరు కాదా?

ఇంకోటి, ఇది మన తప్పే. నీమాస్త్రం సహజమే కదా అని కొట్టిన మర్నాడే కాయ కోసి తొక్క తురమొద్దు. అందులో ఉన్నది పేడ, మూత్రం, వేప. తొక్క కోసం ఉంచిన చెట్లకు కాయ ఎదిగినంక నేను పిచికారీ చేయట్లే, జీవామృతం పాదులోనే పోస్తున్న.

ఇగ కేకు. కప్పు పాలలో గుప్పెడు నిమ్మగడ్డి వేసి మరిగించి, వడగట్టి చల్లార్చాలి. గడ్డిని చూసి మా అమ్మ "బర్రెకు ఏసేది కేకుల ఏస్తవారా" అన్నది. ఆ పాలలో రెండు చెంచాల నిమ్మరసం వేస్తే విరుగుతయి, భయపడొద్దు, సోడా పొంగడానికి ఆ పులుపే కావాలి. ముప్పావు కప్పు బెల్లం తురుము, అర కప్పుకు కొంచెం తక్కువ నూనె కలపాలి. కప్పు గోధుమ పిండి, అర కప్పు జొన్న పిండి, చెంచా బేకింగ్ పౌడర్, అర చెంచా వంట సోడా, మూడు కాయల తొక్క తురుము. పై పొర మాత్రమే తురమాలి, కింది తెల్లది చేదు. పూర్తిగా జొన్న పిండితో చేస్తే జిగురు లేక పొడిపొడిగా రాలిపోతది, నేను రెండుసార్లు పాడుచేసిన. కుక్కర్ అడుగున ఉప్పు పరిచి, గాస్కెట్, విజిల్ తీసేసి పది నిమిషాలు వేడిచేసి, గిన్నె పెట్టి సన్న మంట మీద 40–45 నిమిషాలు. పుల్ల గుచ్చితే పిండి అంటకూడదు.

బెల్లం, జొన్న వేసినం కదా అని దీన్ని ఆరోగ్య కేకు అని స్టిక్కర్ వేసి డబుల్ రేటుకు అమ్మేటోళ్లతో నాకు పడదు. షుగర్ ఉన్నోళ్లకు బెల్లం కూడా చక్కెరే. అందరం కేకులే అమ్ముదామనీ అనట్లే, దానికి ఎఫ్ఎస్ఎస్ఎఐ రిజిస్ట్రేషన్ కావాలి, ఓపిక కావాలి. నేను అమ్ముతున్నది కాయే. లోపలి చెట్ల కాయలు ఆరు, నిమ్మగడ్డి కట్ట ఒకటి, పై కొలతలు రాసిన కాగితం, అన్నీ ఒకే సంచిలో. కాయ ధర పెంచలే. గట్టు మీద ఊరికే పెరిగే గడ్డి కట్టకు మాత్రం పది రూపాయలు తీసుకుంటున్న.