‘అథారిటీ’ మాట ఒక్కటే... అధికారం ఎంత?

అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల్లో గల్ఫ్‌తో సంబంధం లేని ఊరు అరుదు. జుమా నమాజు ముగిశాక మసీదు మెట్ల దగ్గర మనం చెప్పుకునే కబుర్లలో సగం కువైట్‌వో, మస్కట్‌వో, ఖతర్‌వో అయి ఉంటాయి. మిగిలిన సగంలో పాలస్తీనా వార్త ఒకటి తప్పకుండా వస్తుంది. ఈ రెండింటిలోనూ వినిపించే ఇంగ్లీషు మాట ఒకటుంది. అదే ‘అథారిటీ’. కువైట్‌లో కార్మికుల వ్యవహారాలు చూసేది ‘పబ్లిక్ అథారిటీ ఫర్ మ్యాన్‌పవర్’. రమల్లాలో ఉన్నది ‘పాలస్తీనా అథారిటీ’. మాట ఒకటే కదా అని మనం రెండింటినీ ఒకే గాటన కడతాం. అరబ్బులు మాత్రం అలా కట్టరు.

కువైట్ సంస్థకు అరబ్బీలో ఉన్న పేరులో ‘అథారిటీ’ స్థానంలో కనిపించేది ‘హైఅ’ అనే మాట. అంటే సంస్థ, మండలి. మన వాళ్లు చేసిన అనువాదమూ ఇలాంటిదే. విశాఖలో ‘అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీ’ని మనం పట్టణాభివృద్ధి సంస్థ అన్నాం. అధికారం అనే మాటను అక్కడ వాడలేదు. ప్రభుత్వం అప్పగించిన పని చేసే కార్యాలయం అది. కనుక సంస్థ అనడమే సబబు.

పాలస్తీనా దగ్గరకు వచ్చేసరికి అదే ‘అథారిటీ’ అరబ్బీలో ‘సుల్తా’ అయింది. సుల్తాన్, సల్తనత్ అనే మాటలు పుట్టిన ధాతువు నుంచే ఇదీ పుట్టింది. ఆ పేరు పూర్తిగా ‘అస్సుల్తా అల్‌వతనియ్యా అల్‌ఫిలస్తీనియ్యా’. ఇందులోని ‘వతన్’ మనకు కొత్త మాట కాదు. అంటే అరబ్బు శ్రోత చెవిలో ఆ పేరు ‘పాలస్తీనా జాతీయ ప్రభుత్వాధికారం’ అని మోగుతుంది. ఇంగ్లీషు ఒప్పంద పత్రాల్లో మాత్రం ‘జాతీయ’ అన్న మాటే లేదు.

రష్యన్లు ఏమన్నారో చూడండి. అధికారానికి వారి దగ్గర బలమైన మాట ఉంది. అది ‘వ్లాస్త్’. వ్లాదిమిర్, వ్లాదివోస్తోక్ వంటి పేర్లలో వినిపించేది దాని చుట్టరికమే. 1917 నాటి ‘అధికారమంతా సోవియట్లకే’ నినాదంలో ఉన్న మాట ఇదే. మాస్కో ప్రగతి ప్రచురణాలయం వారి తెలుగు పుస్తకాలు చదివిన పెద్దలకు అది గుర్తుండే ఉంటుంది. అంతటి మాట చేతిలో ఉండి కూడా పాలస్తీనా విషయంలో రష్యన్లు దాన్ని వాడలేదు. ‘పాలస్తీనా జాతీయ అద్మినిస్త్రాత్సియా’ అన్నారు. అంటే పాలనాయంత్రాంగం. పత్రికల్లోనయితే ‘అవ్తనోమియా’ అని కూడా రాస్తారు. అంటే స్వయంప్రతిపత్తి ప్రాంతం. ఇంగ్లీషువాడి ఒక్క మాట అరబ్బీలో రాజ్యాధికారమై, రష్యన్‌లో పరిపాలనా కార్యాలయమైందన్నమాట!

ఇది అనువాదకుల పొరపాటు కాదు. ఒప్పందమే అలాంటిది. 1993 సెప్టెంబరు 13న వాషింగ్టన్‌లో సంతకాలు జరిగినప్పుడు ఇజ్రాయెల్ ‘రాజ్యం’ అన్న మాటకు ఒప్పుకోలేదు. పాలస్తీనా నాయకులు వట్టి ‘కార్యాలయం’తో సరిపెట్టుకోలేరు. ఇరుపక్షాలూ తమకు తోచిన అర్థం చెప్పుకోవడానికి వీలైన మాట కావలసి వచ్చింది. ‘అథారిటీ’ ఆ అవసరం తీర్చింది. 1995 సెప్టెంబరు ఒప్పందంలో ఇంకో విడ్డూరం జరిగింది. యాసర్ అరాఫత్‌ను ప్రెసిడెంట్ అనాలా, చైర్మన్ అనాలా అన్న పేచీ వచ్చింది. అరబ్బీలో రెండింటికీ ‘రయీస్’ అనే అంటారు. కనుక ఇంగ్లీషు పత్రంలోనూ ‘రయీస్’ అనే రాసి ఊరుకున్నారు. అనువదించకుండా వదిలేయడమే ఆ పేచీకి పరిష్కారమైంది.

పేరు సంగతి అలా ఉంచి, చేతికి దక్కిన అధికారమెంతో చూద్దాం. 1995 ఒప్పందం పశ్చిమ తీరాన్ని ఎ, బి, సి అని మూడు రకాల ప్రాంతాలుగా విభజించింది. పౌరపాలన, శాంతిభద్రతలు రెండూ అథారిటీకి ఇచ్చింది ‘ఎ’లో మాత్రమే. ‘బి’లో భద్రత ఇజ్రాయెల్ చేతిలోనే ఉంది. భూభాగంలో సుమారు 60 శాతం ఉన్న ‘సి’లో ఇల్లు కట్టుకోవాలన్నా ఇజ్రాయెల్ అనుమతి కావాలి. సరిహద్దులు గానీ, గగనతలం గానీ అథారిటీకి దక్కలేదు. ఈ ఏర్పాటు అయిదేళ్ల కోసమేనని, 1999 మే నాటికి తుది పరిష్కారం వస్తుందని అన్నారు. పావు శతాబ్దం దాటిపోయింది. తాత్కాలికమన్నదే శాశ్వతమై కూర్చుంది. 2007 నుంచి గాజాలో ఆ అథారిటీ మాట చెల్లలేదు.

పేరు మాత్రం ఎదుగుతూనే ఉంది. 2012 నవంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ పాలస్తీనాకు సభ్యత్వం లేని పరిశీలక రాజ్యం హోదా ఇచ్చింది. 2013 జనవరిలో మహమూద్ అబ్బాస్ అధికార పత్రాల మీద ‘పాలస్తీనా రాజ్యం’ అని రాయాలని ఆదేశించారు. 1988లోనే గుర్తించిన దేశాల్లో మన భారతదేశం ఒకటి. 2025 సెప్టెంబరులో బ్రిటన్, ఫ్రాన్స్, కెనడా, ఆస్ట్రేలియా కూడా గుర్తించాయి. అదే సంవత్సరం నవంబరు 17న భద్రతామండలి గాజా తాత్కాలిక పాలన కోసం ‘బోర్డ్ ఆఫ్ పీస్’ ఏర్పాటును స్వాగతించింది. రష్యా, చైనా ఓటింగులో పాల్గొనలేదు. అథారిటీ పోయి బోర్డు వచ్చింది. గాజావాసి అడిగేది మాత్రం పేరు గురించి కాదు. తన ఇంటి గురించి, తన గింజల గురించి, తన బిడ్డ ప్రాణం గురించి ఎవరు జవాబు చెబుతారన్నదే అతని ప్రశ్న.

ఇరాక్‌లోనూ ఇదే మాట వాడారు. 2003 మే 22 నాటి 1483వ తీర్మానంలో భద్రతామండలి అమెరికా, బ్రిటన్‌లను ఆక్రమిత శక్తులుగా పేర్కొంటూ వాటికి కలిపి ‘అథారిటీ’ అని పేరు పెట్టింది. 2004 జూన్ 28 వరకు బాగ్దాద్‌ను ఏలిన సంకీర్ణ తాత్కాలిక అథారిటీ అరబ్బీలో ‘సుల్తా’యే, రష్యన్‌లో మళ్లీ ‘అద్మినిస్త్రాత్సియా’యే. సైన్యాన్ని రద్దు చేసే శక్తి చేతిలో ఉన్న పాలకుడికీ, సొంత సరిహద్దు మీద చెక్‌పోస్టు కూడా లేని పాలకుడికీ ఒకటే పేరు! అందుకే పేరును బట్టి అధికారాన్ని కొలవకూడదు.

ఇప్పుడు మన గుమ్మం దగ్గరకు వద్దాం. గల్ఫ్ కాగితాల్లో ‘స్పాన్సర్’ అని ఉంటుంది. క్రికెట్ పోటీకి డబ్బిచ్చేవారినీ మనం స్పాన్సర్ అనే అంటాం. అరబ్బీలో అతను ‘కఫీల్’. అంటే పూచీ పడినవాడు. హజ్రత్ జకరియ్యా (అ) మర్యమ్ (అ) సంరక్షణ స్వీకరించారని దివ్య ఖుర్ఆన్ తెలిపేది కూడా ఈ ధాతువుతోనే. అనాథకు కఫీల్ అయినవారికి ఎంతటి స్థానముందో మన పిల్లలు మదరసాలోనే నేర్చుకుంటారు. బాధ్యతకు పెట్టిన అంత చక్కని పేరు క్రమంగా పెత్తనానికి మారుపేరైంది. అతని అనుమతి లేనిదే పని మారడానికి వీల్లేని రోజులు దశాబ్దాలు నడిచాయి. 2009లో బహ్రెయిన్, 2020లో ఖతర్, 2021లో సౌదీ ఈ కట్టును కొంత సడలించాయి. సౌదీ సంస్కరణ ఇంటిపనివారికి వర్తించలేదు. మన కోనసీమ నుంచి వెళ్లే స్త్రీలలో ఎక్కువమంది చేసేది ఆ పనే. యజమాని పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోకూడదని కువైట్ 2015లో చేసిన ఇంటిపనివారి చట్టం చెబుతోంది. ఈ సంగతి విమానం ఎక్కేముందే మన అక్కచెల్లెళ్లకు తెలియాలి.

మరో సంగతి. కువైట్ ప్రైవేటు రంగ కార్మిక చట్టం (2010) ప్రకారం ఒప్పందం అరబ్బీలో ఉండాలి. పక్కన వేరే భాషలో అనువాదం ఉన్నా వివాదం వస్తే చెల్లేది అరబ్బీ పాఠమే. మనం చదివేది ఇంగ్లీషు వైపు. కోర్టు చదివేది అరబ్బీ వైపు. ఈ రెండూ ఒకే మాట చెబుతున్నాయో లేదో సంతకానికి ముందే చూసుకోవాలి.

చదవలేని కాగితం ఎంత పని చేస్తుందో రష్యా ఉదంతం చూపింది. సహాయకుల ఉద్యోగాలని దళారులు నమ్మబలికితే 2023, 2024 సంవత్సరాల్లో మన దేశపు యువకులు కొందరు వెళ్లి రష్యన్ భాషలోని కాగితాల మీద సంతకాలు చేశారు. అవి సైన్యంలో చేరే ఒప్పందాలని తర్వాత గాని తెలియలేదు. అలా వెళ్లిన హైదరాబాదు యువకుడొకరు యుద్ధభూమిలో మరణించినట్లు 2024 మార్చిలో వార్త వచ్చింది. ఆ నెలలోనే సి.బి.ఐ. కేసు నమోదు చేసింది. రష్యా సైన్యంలో చేరినవారిలో 12 మంది మరణించారని, 16 మంది ఆచూకీ లేదని 2025 జనవరిలో మన విదేశాంగ శాఖ ప్రకటించింది.

మనం ఇతరులకు ఇచ్చే అధికారం సంగతీ ఉంది. గల్ఫ్‌లో ఉన్న కొడుకు ఇక్కడి ఇంటి స్థలం కోసం అన్నకో, బావకో ‘పవర్ ఆఫ్ అటార్నీ’ పంపుతాడు. ఇంగ్లీషులో అది ‘పవర్’. అరబ్బీలో ‘వకాలా’, అంటే అప్పగింత. మన వకాల్తా ఇదే. రష్యన్‌లో ‘దవేరెన్నస్త్’. అది నమ్మకం అన్న మాట నుంచి వచ్చింది. ఇంగ్లీషుకు అందులో కనిపించింది బలం. మిగిలిన రెండింటికీ కనిపించింది నమ్మకం. నమ్మకం ఎంతవరకో అంతవరకే రాసివ్వడం మేలు. ఒక్క పనికి జనరల్ కాకుండా స్పెషల్ పవర్ ఇస్తే సరిపోతుంది. అన్నదమ్ముల మధ్య మనస్పర్థలు రావు.

కాబట్టి అథారిటీ అన్న మాట వినబడితే మూడు ప్రశ్నలు వేసుకుందాం. ఈ అధికారం ఎవరిచ్చారు? ఎంతవరకు ఇచ్చారు? దుర్వినియోగమైతే ఎవరికి జవాబు చెప్పాలి? పాలస్తీనా ఒప్పందానికైనా, రాజోలు కుర్రవాడి వీసా కాగితానికైనా ఈ మూడే గీటురాళ్లు. అధికారం అమానత్ అని మన పెద్దలు చెప్పేవారు. అప్పగించినవారికి లెక్క చెప్పవలసిన సొమ్ము అది. ఏ భాషలో ఏ పేరు పెట్టినా, లెక్క చెప్పనక్కరలేని అధికారం పెత్తనమే అవుతుంది.