కాగితంలో తెలుపు, కారుకి ఎరుపు



పాత మోటారు సైకిలు కొనేటప్పుడు చూసుకోవలసిన సంగతులు కొన్ని ఇదివరకు ఈ పేజీలో వ్రాశాను. అది చదివిన ఒక సహోదరుడు ఇలా ఉత్తరం వ్రాశారు: "అన్నగారూ, ఆసుపత్రికీ, పెళ్ళిళ్ళకీ, ఆదివారం గుడికీ పనికి వస్తుందని ఒక పాత కారు కొన్నాను. ఇంజను బాగానే ఉంది గాని రంగు వెలిసిపోయింది. లోపల సీట్లు, కింద పరిచిన కార్పెట్ చూడబుద్ధి కావడం లేదు. బయటా లోపలా రంగు మార్పించాలని నా ఆశ. చేయించమంటారా, వద్దంటారా?"

ఈ ప్రశ్నకు జవాబు నా దగ్గర కన్నా మా తమ్ముడి దగ్గరే ఎక్కువ ఉంది. వాడిని అడిగే వ్రాస్తున్నాను. వాడు నవ్వి ఊరుకున్నాడు. మా మరదలు మాత్రం, "ఆ చీటీ డబ్బుల సంగతి కూడా వ్రాయండి బావగారూ" అన్నది.

2023 వేసవిలో మా తమ్ముడు ఒక మారుతి 800 కొన్నాడు. 2005 మోడలు. ఈ బండి మొదటిసారి 1983 డిసెంబరులో వచ్చింది, 2014 జనవరిలో తయారీ ఆగిపోయింది. కాబట్టి ఇప్పుడు రోడ్డు మీద కనబడే ప్రతి 800 పదేళ్ళు దాటినదే. చిన్న బండి, ఏ ఊరి మెకానిక్కుకైనా చేయి తిరిగిన బండి. రంగు ఎరుపు. ఎరుపు అంటే కొత్తలో ఎరుపు అయి ఉండాలి. వీడి చేతికి వచ్చేసరికి ఎండలో ఆరేసి ఆరేసి వెలిసిన చీరలాగా ఉంది. వేలితో రాస్తే ఎర్రటి పొడి అంటుకునేది.

వాడికి తెల్ల కారు మీద మోజు. మా మరదలు రెండేళ్ళ పాటు పాల డబ్బులతో కట్టిన యాభై వేల చీటీ ఒకటి ఉన్నది. పాటలో పోయినది పోగా చేతికి నలభై రెండు వేలు వచ్చింది. గేదెల పాకకు రేకులు వేయించాలని ఆమె ఉద్దేశం. కారు బాగుపడితే పిల్ల పెళ్ళిచూపులకు వచ్చేవాళ్ళ ముందు మర్యాదగా ఉంటుందని వీడు అన్నాడు. ఏ తల్లి కాదంటుంది? ఇచ్చింది.

టౌనులో టింకరింగు, పెయింటింగు చేసే ఒక షెడ్డుకి నేను కూడా వెళ్ళాను. అక్కడి మేస్త్రీ వయసు మీరినవాడు. ఏ రంగు కావాలని అడగలేదు. "సి బుక్కు తెచ్చారా?" అని అడిగాడు. తరువాత డ్రైవరు పక్క తలుపు తెరిచి, తలుపు మూసుకునే చోట అంచు చూపించాడు. అక్కడ రంగు తెలుపు! తలుపు చుట్టూ ఉండే నల్ల రబ్బరు మీద ఎర్రటి తుంపర పడి ఉన్నది. డిక్కీలో తెలుపు, బానెట్ కింద తెలుపు. కాగితం తీసి చూస్తే అందులోనూ రంగు తెలుపు అనే ఉంది. బండి పుట్టుక తెలుపు. ఎవరో మధ్యలో చవకగా పైపైన ఎరుపు కొట్టించి, కాగితంలో మార్పించకుండానే అమ్మేశారు. ఆ కాగితాన్ని మా తమ్ముడు కొనేటప్పుడు నాలుగు సార్లు మడిచి జేబులో పెట్టుకున్నాడు గాని రంగు గడి చదవలేదు. నేనూ చదవలేదు, దాచడం ఎందుకు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. రిజిస్ట్రేషను కాగితంలో బండి నంబరు, ఇంజను నంబరు, ఛాసిస్ నంబరుతో పాటు రంగు కూడా వ్రాసి ఉంటుంది. బండి ఒక రంగు, కాగితం ఒక రంగు అయితే దారిలో తనిఖీ చేసేవారికి మొదట వచ్చే అనుమానం దొంగబండి అని. ప్రమాదం జరిగి బీమా అడిగినప్పుడు కూడా చిక్కులు రావచ్చు. అందుచేత రంగు మార్చదలచినవారు షెడ్డుకి వెళ్ళక ముందే రవాణా కార్యాలయానికి వెళ్ళి పద్ధతి అడిగి తెలుసుకోవాలి. పని అయిన తరువాత కొత్త రంగును కాగితంలో ఎక్కించుకోవాలి. బీమావారికీ తెలియజేయాలి. ఇంకొకటి, 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలో 121వ నిబంధన ప్రకారం సైన్యం బండ్లకు వేసే ఆలివ్ ఆకుపచ్చ రంగు మామూలు జనం బండ్లకు వేయకూడదు. జీపులు కొనే మన కుర్రవాళ్ళకు ఆ రంగంటే సరదా, చెప్పి ఉంచండి.

సొంత కారుకి మొదటి రిజిస్ట్రేషను పదిహేనేళ్ళు. ఆ తరువాత అయిదేసి సంవత్సరాలకు బండిని చూపించి పొడిగించుకోవాలి. మావాడి బండికి 2020లో ఒకసారి అయింది. మళ్ళీ 2025లో చూపించాలి. ఎర్ర బండిని తీసుకువెళ్ళి తెల్ల కాగితం చూపిస్తే ఏమంటారు? మోజు కాస్తా అవసరం అయి కూర్చుంది.

మేస్త్రీ లెక్క చెప్పాడు. కొత్తగా నీలమో బూడిద రంగో వేయాలంటే ముప్పై ఎనిమిది వేలు, తెలుపు అయితే ఇరవై ఎనిమిది. ఈ తేడా ఎందుకో చాలామందికి తెలియదు. ఉన్న రంగే మళ్ళీ వేస్తే పైపైన వేస్తే చాలు. రంగు మార్చాలంటే తలుపుల లోపలి అంచులు, డిక్కీ లోపల, బానెట్ అడుగు, ఇంజను చుట్టూ ఉన్న రేకు, అన్నీ మార్చాలి. అవి వదిలేస్తే తలుపు తీసిన ప్రతిసారీ పాత రంగు పలకరిస్తుంది. మావాడి బండికి ఆ చోట్లన్నీ తెల్లగానే ఉన్నాయి కాబట్టి సగం పని కలిసి వచ్చింది.

అంతా కుదిరిందనుకున్నాము. అప్పుడు మేస్త్రీ, "కింద కార్పెట్ తీసి చూపించండి, తరువాత బేరం" అన్నాడు. లోపలి పని తరువాత చూసుకుందాం, ముందు పైరంగు కానివ్వండని తమ్ముడు. కాదు అని మేస్త్రీ. చివరకు సీటు బోల్టులు విప్పి కార్పెట్ ఎత్తారు. దాని అడుగున ఉండే మందపాటి ఫెల్టు తడిసిన గోనెసంచిలాగా బరువుగా లేచింది. ముందు అద్దం రబ్బరు సందులోంచి వానాకాలమంతా నీళ్ళు దిగి అక్కడ నిలిచిపోయాయన్నమాట. ఫెల్టు కింద రేకు లేదు. రేకు ఉండవలసిన చోట తుప్పు పెచ్చులు. మేస్త్రీ స్క్రూడ్రైవరు పెట్టి నొక్కితే అటు పక్కకి దిగిపోయింది. సందులోంచి షెడ్డు నేల కనబడింది.

అది ఎడమ పక్క ముందు సీటు. మా మరదలు కూర్చునే చోటు. ఆ సీటు బోల్టుల్లో ఒకటి ఆ తుప్పు రేకుకే బిగించి ఉన్నది. మనుమడిని ఒళ్ళో పెట్టుకుని ఆమె ఆ సీట్లో కూర్చుని ఎన్నిసార్లు టౌనుకి వచ్చిందో తలుచుకుని, మా తమ్ముడు అక్కడ ఉన్న టైరు మీద కూలబడ్డాడు. కొంచెం గట్టి దెబ్బ తగిలితే ఆ సీటు ఆగేదా?

ఆ పూట రంగు మాట ఎవరూ ఎత్తలేదు.

నేల బాగుచేయడానికి పదిహేను వేలు అయింది. తుప్పు పట్టినంత మేర కోసేసి, కొత్త రేకు వెల్డింగు చేశారు. వెల్డింగుకి ముందు బ్యాటరీ తీగ తీసేయాలి, కార్పెట్టూ ఫెల్టూ పూర్తిగా బయట పెట్టాలి, పెట్రోలు గొట్టం ఎటు నుంచి పోతున్నదో చూసుకోవాలి. ఇవి చేయకుండా మొదలుపెట్టే షెడ్డులో బండి వదలకండి. అతుకుల మీద ఎపాక్సీ ప్రైమరు, దాని మీద కింద వైపు తారులాంటి అండర్ కోటింగు వేశారు. అద్దం రబ్బరు కొత్తది మార్చారు. అది మార్చకపోతే మిగతాదంతా మళ్ళీ మొదటికి వస్తుంది. మిగిలిన ఇరవై ఏడు వేలలో ఇరవై రెండు మా తమ్ముడు తీసుకువెళ్ళి భార్య చేతిలో పెట్టాడు. పాకకి రేకులు ఆ నెలలోనే పడ్డాయి. బండి ఎర్రగానే తిరిగింది, ఒకటిన్నర సంవత్సరం.

మిగిలిన అయిదు వేలతో లోపలి పని. ఇది చాలావరకు ఇంట్లోనే చేసుకోవచ్చు. మా తమ్ముడు డాష్‌బోర్డుకి మీగడ రంగు వేయిస్తానన్నాడు. మేస్త్రీ ఒక తెల్ల కాగితం తీసి డాష్‌బోర్డు మీద పరిచి, సీట్లో కూర్చుని చూడమన్నాడు. ముందు అద్దంలో దాని నీడ పడి రోడ్డు మసకగా కనబడింది. డాష్‌బోర్డు పైభాగం ఎప్పుడూ ముదురు రంగులో, మెరుపు లేకుండా ఉండాలి. లేత రంగు మీద మోజు ఉంటే తలుపుల లోపలి అట్టలకు వేసుకోండి. ప్లాస్టిక్కుకి రంగు వేసే ముందు సబ్బునీళ్ళతో రెండు మూడు సార్లు కడిగి, మెరుపు కోసం ఏళ్ళ తరబడి పూసిన పాలిష్ జిడ్డంతా వదిలించాలి. లేకపోతే రంగు చేపకళ్ళలాగా విడిపోతుంది. ఆ తరువాత ప్లాస్టిక్ ప్రైమరు, ఆ పైన పలుచగా రంగు. స్టీరింగుకి వేయకండి, చేతి చెమటకు నెలలో ఊడుతుంది.

గుడ్డ సీట్లకు రంగు అద్దడం కన్నా కొత్త కవర్లు కుట్టించడం మంచిది. రంగు సరిగా పట్టకపోతే ఎండాకాలం చెమటకి తెల్ల పంచె మీదకు దిగుతుంది. సీటు బెల్టులకు మాత్రం ఏ రంగూ తగలనివ్వకండి. ఆ నేత మీద పడ్డ రసాయనం దాని బలాన్ని తినేయగలదు. గోరువెచ్చని సబ్బునీళ్ళతో తుడిచి నీడలో ఆరబెట్టండి, అంతే.

ఇక పైరంగు. 2025లో కాగితం గడువు దగ్గర పడుతుండగా, వడ్లు అమ్మిన డబ్బుతో జనవరిలో చేయించాము. వానాకాలంలో ఈ పని పెట్టుకోకండి. గాలిలో చెమ్మ ఉంటే షెడ్డుల్లో వాడే ఎన్.సి. రంగు పాలిపోతుంది, మెరుపు రాదు. క్రిస్మసుకి ఇంటికి సున్నం వేసే రోజులే కారుకీ మంచివి.

రంగు వేయడం రెండు రోజుల పని. దాని ముందు పది రోజులు గీకడం, రుద్దడం. దీపాలు, బంపర్లు, గడియలు విప్పారు. నీళ్ళు పోస్తూ ఎమిరీ కాగితంతో ఎర్ర రంగును చాలాచోట్ల కిందనున్న పాత తెలుపు కనబడే దాకా రుద్దారు. ఎందుకంటే, మేస్త్రీ ముందుగా డిక్కీ మూత లోపలి మూలన, ఎర్ర తుంపర పడిన చోట అరచేయంత మేర తెలుపు కొట్టి చూపించాడు. తెల్లవారేసరికి అది గులాబి రంగుకి తిరిగింది. కొన్ని ఎరుపులు తిన్నరుకి కరిగి పైన వేసిన తెలుపులోకి ఊరతాయట. తెలియనివాడి చేతిలో పడి ఉంటే బండి మొత్తం గులాబి అయ్యేది. రుద్దడానికి అందని చోట్ల రెండు పాళ్ళ ఎపాక్సీ ప్రైమరుతో ఎరుపును కప్పి, ఆ పైన తెలుపు వేశారు.

సొట్టలకు పుట్టీ పలుచగానే వేయించండి. మందంగా వేస్తే కొన్నాళ్ళకు బీటలు వారుతుంది. పాత కారు కొనేవారు చిన్న అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి తలుపుల అడుగు అంచుల వెంట ఆనించి చూడండి. పట్టు సడలిన చోట రేకు మీద పుట్టీ మందంగా ఉన్నట్టు.

పి.యు. రంగులో కలిపే హార్డెనరు ఊపిరితిత్తులకు చాలా చెడ్డది. ఆయాసం ఉన్నవారికి మరీ. రుమాలు కట్టుకుంటే ఆగేది కాదు, దానికి తగిన మాస్కు వేరే ఉంటుంది. ఇంటి ముంగిట వేయించుకుంటే డబ్బు మిగులుతుందని కొందరు ఆలోచిస్తారు. పిల్లలు తిరిగే చోట వద్దు.

ఇంతకూ ఉత్తరం వ్రాసిన సహోదరునికి: మీ బండి రంగు వెలిసిందన్నారు గదా. ముందు ఒక మూల రబ్బింగు కాంపౌండుతో రుద్ది చూడండి. గుడ్డకి బండి రంగు అంటుకుంటే పైన వేరే లక్కపొర లేని రంగు అని అర్థం. అలాంటిది చాలాసార్లు రుద్దుడుకే తేటపడుతుంది. అప్పుడు ఖర్చు వందల్లోనే పోతుంది. పైపొర పెచ్చులుగా లేస్తుంటే మాత్రం కొత్త రంగు తప్పదు. ఏది చేసినా కార్పెట్ ఎత్తి చూసిన తరువాతే.

మావాడి బండి 2025లో చూపించినప్పుడు పేచీ లేకుండా పొడిగింపు అయింది. డిక్కీ మూత లోపల ఆ గులాబి మచ్చను తుడవవద్దని మనుమడు మారాం చేస్తే అలాగే ఉంచేశారు. మా మరదలు మాత్రం ఇప్పటికీ కారెక్కగానే మడమతో నేలను రెండు సార్లు తట్టి చూసి గాని తలుపు వేసుకోదు.