మరక చిన్నదే, అయినా...

నెలసరి ఆగి పదేళ్లయిన పెద్దావిడకు చీరమీద చిన్న మరక కనిపిస్తే ఏమనుకుంటుంది? వేడి చేసిందనుకుంటుంది. మజ్జిగ తాగుతుంది, సబ్జా గింజలు నానబెట్టుకుంటుంది. కోడలితో అనదు, కొడుకుతో అసలే అనదు. రెండు రోజుల్లో తగ్గిపోతే దేవుడికి దండం పెట్టుకుని మరిచిపోతుంది. ఇలా మరక కనిపించిన పదిమందిలో సుమారు తొమ్మిదిమందికి అది క్యాన్సర్ కాదు. గర్భసంచి లోపలి పొర పలచబడటమో, చిన్న పాలిప్పో అయ్యుంటుంది. మా బెంగంతా ఆ పదో ఆవిడ గురించే.

గర్భసంచి క్యాన్సర్లలో ఎక్కువ భాగం లోపలి పొరలో మెల్లగా పెరిగేవే. తొందరగా కనిపెడితే ఆపరేషన్‌తో నయమవుతాయి. అరుదుగా వచ్చేవి మాత్రం మొండివి: సీరస్ రకం, కార్సినోసార్కోమా, కండరంలో పుట్టే లియోమయోసార్కోమా. లోపలి పొర క్యాన్సర్లలో సీరస్ రకం పదోవంతే అయినా మరణాల్లో దాని వాటా దాదాపు 40 శాతం. స్కానింగ్‌లో పొర మందం 4 మిల్లీమీటర్లు దాటకపోతే భయం లేదంటారు. సీరస్ రకం ఒక్కోసారి ఆ లెక్కకు అందదు. మరక మళ్లీ కనిపిస్తే బయాప్సీ సంగతి డాక్టరును అడగాలి. పాప్ పరీక్ష బాగుందన్న ధీమా పనికిరాదు, అది గర్భాశయ ముఖద్వారానికి చేసేది. ముట్లుడిగాక ఫైబ్రాయిడ్ గడ్డలు కుంచించుకుపోవాలి. పెరుగుతున్నాయంటే అనుమానించాల్సిందే. రొమ్ము క్యాన్సర్‌కు టామాక్సిఫెన్ వాడినవారు, పొత్తికడుపుకు రేడియేషన్ తీసుకున్నవారు ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి.

మన దగ్గర వింత ఏమిటంటే, గర్భసంచి తీయించుకోవడంలో మనం వెనకబడి లేము. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో ఆ ఆపరేషన్ అయినవారు దేశం మొత్తంమీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. తెల్లబట్ట అవుతోందని వెళ్లిన ముప్పయ్యేళ్ల అమ్మాయిని ‘ఉంచితే క్యాన్సరవుతుంది’ అని బెదిరించి కోసి పంపడం మనం వింటున్నదే. నిజంగా పరీక్ష అవసరమైన అత్తగారు మాత్రం ఆసుపత్రి గడప తొక్కదు. పిల్లలు పుట్టాక గర్భసంచితో పనేముందన్న చులకనే ఈ రెండింటికీ మూలం.

అమ్మకు ఫోన్ చేసి బీపీ, షుగరు మాత్రల గురించి అడిగే కూతుళ్లు ఈ సంగతి కూడా అడగండి. ఏడాదిపాటు నెలసరి ఆగిపోయాక ఒక్క చుక్క కనిపించినా, నొప్పేమీ లేకపోయినా, ఆ వారంలోనే స్త్రీల డాక్టరుకు చూపించండి.