బొద్దక్షరము – దాని తావు

అక్షరము వినబడునదే కాదు, కనబడునది కూడ. ఒకే మాట సన్నని అచ్చులో మెల్లగా చెప్పినట్లును, లావుపాటి అచ్చులో ఎలుగెత్తి పిలిచినట్లును తోచును. ఇట్టి పిలుపుకొరకే పుట్టిన అక్షరరూపములలో కూపర్ బ్లాక్ మిక్కిలి ప్రసిద్ధమైనది. అమెరికాలోని చికాగో నగరమున పనిచేసిన అక్షరశిల్పి ఆస్వాల్డ్ కూపర్ దీనిని రూపొందింపగా, బార్న్‌హార్ట్ బ్రదర్స్ అండ్ స్పిండ్లర్ అను అచ్చక్షరముల పోతశాల 1922లో వెలువరించెను.

రోమను లిపిలో గీతల కొసలయందుండు చిన్న పాదములను సెరిఫులందురు. 19వ శతాబ్దారంభమున లండనులో ప్రకటనపత్రములకై పోతపోసిన లావు అక్షరములలో నిలువుగీతలు స్తంభములవలెను, సెరిఫులు వెంట్రుకలవలెను ఉండెడివి. ఆ వైషమ్యమే వాని ఆకర్షణ. కూపర్ మార్గము వేరు. ఆయన గీతల నడుమ తేడాను తగ్గించి, సెరిఫులను గుండ్రముగా మలచి, మూలలను మెత్తపరచెను. అందుచే ఎంత లావైనను ఆ అక్షరము గద్దింపదు, బొద్దుబిడ్డవలె చేరదీయును. 1966లో వెలువడిన బీచ్ బాయ్స్ గాయకబృందపు 'పెట్ సౌండ్స్' రికార్డు అట్టమీదను, ఈజీజెట్ విమానసంస్థ పేరులోను అదియే కనబడుటకు ఈ చనువే కారణమని నా తలంపు.

అయితే చనువునకును హద్దు గలదు. లావెక్కినకొలదియు అక్షరము కడుపులోని తెల్లని జాగా తరుగును. కన్ను గుర్తుపట్టునది నల్లని గీతను మాత్రమే కాదు, దాని లోపలి తెలుపును కూడ. నాలుగు మాటల శీర్షికకు శోభనిచ్చు రూపమునే నాలుగు పేరాలకు వాడినచో పుటయెల్ల మసియగును. అన్నింటిని నొక్కి చెప్పినచో దేనిని నొక్కి చెప్పినట్లును కాదు.

తెలుగున ఈ వివేకము మరింత అవసరము. మన తలకట్టును సెరిఫుతో పోల్చువారు కలరు. ఆ పోలిక నిలువదు. సెరిఫును తొలగించినను రోమను అక్షరము మారదు; తలకట్టు తీసి గుడి పెట్టినచో 'క' కాస్తా 'కి' యగును. మన లిపిలో ఇసుమంత గుర్తునకును అర్థము గలదు. 'ధ'కును 'థ'కును, 'ర'కును 'ఠ'కును గల ముఖ్యభేదము కడుపులోని చుక్కయే. లావైన గీత ఆ చుక్కను మింగినచో 'కథ' 'కధ'యై కూర్చుండును. ఇప్పటికే విద్యార్థుల వ్రాతలలో 'కధ', 'రధము' తరచుగా కనబడుచున్నవి. తప్పును దిద్దవలసిన అచ్చే తప్పునకు తోడుపడరాదు గదా!

నేడు కంప్యూటరుపై ఒక్క మీట నొక్కినంతనే అక్షరము బొద్దగుచున్నది. సులభమైనది గనుకనే అదుపు కావలెను. పాఠశాల సంచికకో గోడపత్రికకో శీర్షికాక్షరమును ఎన్నుకొను ఉపాధ్యాయులకు ఒక చిన్న పరీక్షను సూచింతును. 'కథ', 'రథము', 'పాఠము' అను మూడు మాటలను ఆ అక్షరములలో అచ్చువేసి గోడకంటించి, కడపటి బల్లమీది పిల్లవానిచే చదివింపుడు. చుక్కలు వానికి కనబడినచో ఆ అక్షరమునకు శీర్షికపై కూర్చుండు అర్హత గలదు. కనబడనిచో, అది యెంత అందమైనదైనను, బడికి పనికిరాదు.