చీటీ డబ్బుతో ల్యాప్‌టాప్ కొనేముందు

చీటీ పాడిన డబ్బు చేతికొచ్చింది. ఇంట్లోంచే ఆఫీసు పని చేసుకునే అమ్మాయి, ‘కొంటే థింక్‌ప్యాడ్ ఎక్స్1 కార్బనే కొనాలమ్మా’ అని పట్టుబట్టింది. ధర వింటే గుండె గుభేలుమంటుంది. కొత్తది లక్ష దాటి ఇంకా చాలా పైకే పోతుంది. ఆ డబ్బుతో ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ రెండూ కొన్నా ఇంకా మిగులుతుంది కదా అని మీరు లెక్క వేసుకోవడం సహజమే. మరి అందులో అంత ఏముందో, ఏం లేదో చూద్దాం రండి.

ఈ నల్ల పెట్టెకి పెద్ద కథే ఉంది. 1992లో ఐబిఎం కంపెనీ థింక్‌ప్యాడ్ తెచ్చినప్పుడు, రిచర్డ్ సాపర్ అనే డిజైనరు జపాను వాళ్ళు భోజనం సర్దుకునే నల్లటి పెట్టెని చూసి దీనికి రూపం ఇచ్చాడట. (చూశారా, మన వంటల పేజీకి దగ్గర చుట్టమే!) 2005లో ఆ వ్యాపారం లెనోవో చేతికి వెళ్ళింది. ఎక్స్1 కార్బన్ వచ్చింది 2012లో.

దీని మంచి గుణం చేతిలోకి తీసుకోగానే తెలుస్తుంది. 14 అంగుళాల తెర ఉన్నా, ఈ మధ్య మోడళ్ళు కిలోకి కాస్త అటూ ఇటూగా తూగుతాయి. భుజాన వేసుకుని రోజూ బస్సెక్కే పిల్లకి అదేం చిన్న విషయం కాదు. కీబోర్డు మరీ హాయి. మధ్యలో కుంకుమ బొట్టులా ఎర్రటి బొడిపె ఉంటుంది, దాన్ని వేలితో తోస్తే తెరమీద బాణం కదులుతుంది. కెమెరాకి బుల్లి తలుపు కూడా ఉంది. మీటింగు కాగానే మూసేస్తే, మనం నైటీలో వెనకనుంచి వెళ్ళినా భయంలేదు!

కీబోర్డు మీద కాస్త నీళ్ళొలికితే తట్టుకునేలా చేశారు. అలాగని కాఫీ గ్లాసు పక్కనే పెట్టుకోమని కాదు. ఒలికిందా, వెంటనే ఆపేసి, ఛార్జరు తీసేసి, బోర్లించి, రిపేరు మనిషికి చూపించాలి.

ఇక లోపాలు. అన్నిటికంటే పెద్దది ర్యామ్. దాన్ని లోపలి బోర్డుకే అతికించేస్తారు, తర్వాత పెంచుకోవడానికి వీల్లేదు. కుట్లలో గుడ్డ వదలకుండా కుట్టిన జాకెట్టు లాంటిదన్నమాట. రెండేళ్ళ తర్వాత బిగుతైతే వదులు చేయడానికేం ఉండదు. కాబట్టి కొనేరోజునే 16 జీబీకి తగ్గకుండా, వీలైతే 32 తీసుకోండి. ఫైళ్ళు దాచుకునే ఎస్ఎస్‌డిని మాత్రం తర్వాత మార్పించుకోవచ్చు. ఇంటర్నెట్ వైరు నేరుగా పెట్టే చోటు లేదు, అడాప్టరు విడిగా కొనాలి. విడిగా గ్రాఫిక్స్ చిప్ ఉండదు గనుక, ‘అక్క లేనప్పుడు పెద్ద పెద్ద గేములు ఆడుకుంటా’ అని అబ్బాయి ఆశపడితే ముందే చెప్పేయండి.

నన్నడిగితే, అమ్మాయి దాన్ని మోసుకు తిరిగేదైతేనే ఇంత డబ్బు పెట్టండి. భోజనాల బల్ల మీదనుంచి కదలని మిషన్‌కి తేలిక బరువెందుకు? థింక్‌ప్యాడ్‌లోనే బరువెక్కువా ధర తక్కువా ఉన్న రకాలున్నాయి.

ఆఫీసులు వాడి వదిలేసినవి సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతాయి. తక్కువలో వస్తాయి గానీ, డబ్బిచ్చే ముందు బ్యాటరీ ఎంతసేపు నిలుస్తోందో ఛార్జరు తీసి అక్కడే చూడండి. తర్వాత మిషన్ ఆఫ్ చేసి, మళ్ళీ ఆన్ చేస్తూనే ఎఫ్ 1 నొక్కించండి. లోపలి సెట్టింగుల్లోకి వెళ్ళడానికి పాస్‌వర్డ్ అడిగి, అది అమ్మేవాడికి తెలియకపోతే, ఎంత చవకైనా ఆ బేరం వద్దు. పాత ఆఫీసు వేసిన ఆ తాళం తీయించడం మామూలు రిపేరు షాపుల్లో అయ్యే పని కాదు.