చందా కట్టిన భాష

ఈ సంచికకు ఏదైనా వ్రాయవలసినదని కార్యవర్గంవారు అడిగినప్పుడు మేము సంగీతాన్ని గురించి వ్రాద్దామనే అనుకొన్నాము. తిరువొత్తియూరులో కాపురమున్న తెలుగువారికి ఆ విషయంలో కొదవ లేదు. కాని గడచిన సర్వసభ్య సమావేశంలో వచ్చిన ఒక ప్రతిపాదన మా కలాన్ని పక్కకు మళ్ళించినది. మన పిల్లల చెవిని తెలుగు పడడం లేదు కనుక, సంఘం నిధిలోనుండి సొమ్ము తీసి ఇంటింటికీ ఏదో ఒక చందా సేవ ఇప్పించాలనీ, అందులో పాటలు, సినిమాలు, కథలు సమస్తమూ ఉంటవనీ, దానితో ఈ చింత తీరిపోవుననీ ఆ ప్రతిపాదన సారాంశం. సభలో చాలా చేతులు లేచినవి. మా చెయ్యి లేవలేదు. ఎందుకు లేవలేదో అక్కడే చెప్పవలసినది. కాఫీలు చల్లారిపోతున్నవని ఊరుకొన్నాము. ఇక్కడ చెప్పుకొంటాము.

పఠనమందిరంలో పుస్తకాల బీరువా మీద ఒక నల్లని పెట్టె ఉన్నది. కొత్త సభ్యులు దానిని పాడైన టేప్‌రికార్డరు అనుకొంటారు. పాత సభ్యులు ఎరుగుదురు, అది వరల్డ్‌స్పేస్ ఉపగ్రహ రేడియో. ఇథియోపియాలో పుట్టి అమెరికాలో న్యాయవాది అయిన నోవా సమారా 1990లో ఆ సంస్థను స్థాపించినాడు. పత్రికలూ స్టేషనులూ చేరని ఆఫ్రికా పల్లెలకు ఆకాశంనుండి మాట పంపాలన్నది ఆయన తొలి సంకల్పం. ఆ సంకల్పాన్ని తక్కువచేసి మాట్లాడడానికి మాకు నోరు రాదు. 1998లో ఆఫ్రికాకు ఒక ఉపగ్రహం, 2000 మార్చిలో ఆసియాకు ఒక ఉపగ్రహం లేచినవి. రెండవదాని పేరు ఆసియాస్టార్. భూమధ్యరేఖకు పైన, 105 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర, సుమారు ముప్పైఆరువేల కిలోమీటర్ల ఎత్తున నిలిచి, అది మన దేశంమీద పాట కురిపించేది.

మన ఊరికి అది అనుకూలమైన దిక్కు. ఏరియలును తూర్పునకు కొంచెం ఆగ్నేయంగా, నడినెత్తికి దిగువగా చూపవలసి ఉండినది. అనగా సముద్రంవైపు. అక్కడ మేడలు లేవు, చెట్లు లేవు, కట్టుమరాలు తప్ప అడ్డేమున్నది? ఏ గదిలో పెట్టినా పాడుతుందని అంగడివాడు చెప్పిన మాట మాత్రం నిజం కాలేదు. గోడ అడ్డమైతే మూగపోయేది. దానికోసం బీరువాను రెండుసార్లు జరిపి, చివరకు కిటికీ దగ్గరకు చేర్చినాము. ఉప్పుగాలికి తీగ కొన చిలుముపట్టేది. నెలకొకసారి గరుకుకాగితంతో రుద్దే పని ఒక సభ్యునికి అప్పగించినాము. ఆయన దానిని దేవునికి దీపం పెట్టినంత నిష్ఠగా చేసేవాడు.

వినబడినది మాత్రం అపూర్వం. తెలుగుకు స్పందన అని ఒక చానెలు, కర్ణాటక సంగీతానికి శ్రుతి అని ఒకటి, తమిళానికీ మలయాళానికీ కన్నడానికీ వేరువేరుగా చానెళ్ళు. గరగర లేదు, తేలిపోవడం లేదు. ఎన్నూరు రోడ్డుమీద లారీల మోతలో కూడా వీణతీగ నాదం విడివిడిగా తెలిసేది. ఆదివారం ఉదయం పఠనమందిరం నిండిపోయేది. పత్రికలు చదువుటకు వచ్చినవారు చదవక కూర్చొనేవారు. ఇదంతా మేము కాదనడం లేదు. రుచి చూసినవారమే గనుక ఇంత కటువుగా మాట్లాడుతున్నాము.

ఆ పెట్టె కొన్ననాడు మేము ఒక ప్రశ్న అడగలేదు. ఈ యంత్రం మరెవరి పాటనైనా పట్టగలదా? పట్టదు. ఆ ఉపగ్రహం పంపే పాటకు తాళం వేసి ఉండేది. చందా కట్టినవాని పెట్టెకు దాని సంఖ్యనుబట్టి తాళం తీసేవారు. మామూలు రేడియో అట్టిది కాదు. మద్రాసు మూగపోతే విజయవాడకు ముల్లు త్రిప్పవచ్చును, విజయవాడ అందకపోతే సింహళానికి త్రిప్పవచ్చును. ఈ పెట్టెకు ఒక్కటే ఆకాశం. యంత్రానికి ఒక వెల, వినికిడికి ఏటేటా ఒక వెల. రెండూ చెల్లించి మేము ఒక వస్తువును కొన్నామనుకొన్నాము. నిజానికి కొన్నది ఒకే ఒక వాకిలికి పనికివచ్చే తలుపు.

అమెరికాలోనూ ఇదే కథ వేరొక విధంగా నడచినది. అక్కడ 2001లో ఎక్స్‌ఎమ్, తరువాత సిరియస్ అని రెండు చందా రేడియోలు వెలసినవి. ఒకదాని పెట్టెలో రెండవది పలికేది కాదు. 2008లో రెండూ ఒకటైనవి. మన వరల్డ్‌స్పేస్‌కు ఆ అదృష్టమూ పట్టలేదు. ఉపగ్రహ రేడియోకు మన దేశంలో ఒక విధానం ఉండాలని 2005లో ట్రాయ్ సిఫారసులు చేసినది. అవి కాగితం దాటి రాలేదు. 2008 అక్టోబరులో ఆ సంస్థ అమెరికాలో దివాలా రక్షణ కోరినది. 2009 డిసెంబరు 31తో భారతదేశంలో ప్రసారం ఆగిపోయినది. ఒక రాత్రితో దేశమంతటా ఉన్న ఆ పెట్టెలన్నీ మూగపోయినవి. ఒక్కటీ చెడిపోలేదు, ఒక్కటీ పలకలేదు.

వ్యాపారసంస్థ దివాలా తీయడం వింత కాదు. ఈ పట్టణంలోనే దానికి పూర్వకథ ఉన్నది. సి.వి. కృష్ణస్వామిచెట్టి ప్రభృతులు 1924లో మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బును స్థాపించి, ఆ సంవత్సరమే ప్రసారాలు మొదలుపెట్టినారు. అదికూడా సభ్యుల సొమ్ముతో నడచినదే. డబ్బు చాలక 1927లో మూతపడినది. కాని మూతపడుతూ తన ప్రసారయంత్రాన్ని మద్రాసు కార్పొరేషనుకు ఇచ్చిపోయినది. కార్పొరేషనువారు 1930 ఏప్రిలునుండి దానితో ప్రసారాలు నడిపి, సముద్రతీరంలో ధ్వనివర్ధకాలు పెట్టి దారినపోయేవారికి సంగీతం వినిపించినారు. 1938 జూన్ 16న ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రం వచ్చేవరకు ఆ దీపం ఆరలేదు. ఆ క్లబ్బు దివాలాలో ఊరికి ఒక ఆస్తి మిగిలినది. మా బీరువామీది దివాలాలో ఏమి మిగిలినదో పఠనమందిరానికి వచ్చి చూడవచ్చును.

ఇదంతా గడచిపోయిన యంత్రం గొడవ, ఇప్పుడు చేతిలో సెల్‌ఫోనున్నది గదా అని కొందరు మిత్రులు అంటున్నారు. ఫోను ఒక సేవకు కట్టుబడినది కాదు, నిజమే. కాని సేవ మారలేదు. చందా కట్టినంతకాలం పాట. మానిన మరునాడు, మీరు దాచుకొన్నామనుకొన్న పాటలు కూడా పలకవు. ఏ సినిమా ఉంటుందో, ఏది మాయమవుతుందో మనల్ని అడిగి నిర్ణయించరు. మరొక మాట. ఆ సేవలు లెక్కించేది గిరాకిని. తిరువొత్తియూరులో పది వీధులలోని తెలుగు కుటుంబాలు ఏ గిరాకి? మన నాయనమ్మలు పాడే మేలుకొలుపు, నెల్లూరు నుండి వచ్చిన మన యాస, అత్తాకోడళ్ళ పాటలు ఏ సంస్థ జాబితాలోకి వచ్చును?

మనకు ఈ విషయం విలాసం కాదు గనుకనే ఇంత పట్టుదల. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు మద్రాసు అందులో చేరలేదు. మనవారు ఇక్కడే ఉండిపోయినారు. ఎన్‌ఫీల్డులోనూ అశోక్ లేలాండులోనూ విమ్కోలోనూ పనిచేసి, ఇండ్లు కట్టుకొని, ఇక్కడి మట్టిలో కలిసినారు. తమిళం మన వీధి భాష. దానిని నేర్వడం మనకు బరువు కాదు. కాని 2006నాటి తమిళ అధ్యయన చట్టంతో బడిలో తమిళం ఒకటో తరగతినుండి ఏటొక్క మెట్టుగా తప్పనిసరియై, 2016లో పదవ తరగతి పరీక్షను చేరినది. భాషా అల్పసంఖ్యాకులు కోర్టులకెక్కి మినహాయింపులు తెచ్చుకొంటూ వచ్చినారు. మినహాయింపు కాగితం చేతికి వచ్చును. పలకమీద అక్షరం రాదు. మన పిల్లలలో అనేకులకు లిపి లేదు. తెలుగు వారిలోనికి పోవుటకు మిగిలిన ఒకే దారి చెవి. ఆ దారికి సుంకం వసూలు చేసే గేటు పెట్టి, దాని తాళం పరాయివాని చేతికి ఇద్దామా?

సొమ్ము ఖర్చు పెట్టనిదే తెలుగు వినబడదన్నది కూడా నిజం కాదు. ఒకనాడు పోస్టాఫీసులో రేడియో లైసెన్సు కట్టేవారము. 1980లలో అదీ పోయినది. 1948 డిసెంబరులో పుట్టిన విజయవాడ కేంద్రం పొద్దుపోయినకొద్దీ ఈ తీరంలో తేటగా వినబడేది. రాత్రి నాటకం కోసం పక్కింటివారు కూడా వచ్చి అరుగుమీద కూర్చొనేవారు. మేము ఆ నల్లపెట్టెకు చందా కడుతున్న సంవత్సరాలలోనే, 2004లో దూరదర్శన్‌వారు డీడీ డైరెక్ట్ ప్లస్ మొదలుపెట్టినారు. నెల చందా లేదు. టెలివిజను చానెళ్ళతోపాటు ఆకాశవాణి తెలుగు కూడా అందులో ఉండినది. అదే ఆకాశం, అదే ఇంటికప్పు. మనలో ఎందరు విన్నారు? ఉచితమైనది చౌకబారు కాబోలునని ముక్కు విరిచినాము. నేడు ఆకాశవాణివారి ఫోను సేవలో విజయవాడ, హైదరాబాదు కేంద్రాలు చందా లేకుండా వినబడుతున్నవి. సమావేశంలో చేతులెత్తినవారిని అటుతరువాత అడిగి చూచినాము, విన్నవారు ఇద్దరు. ఆ ఇద్దరిలో ఒకరు పొరపాటున తెరిచినారట.

ఆకాశవాణి సర్వగుణసంపన్నమని మేము వాదించము. వారి పాత ధ్వనిభండారంలో ఎంత మిగిలినదో తలచుకొంటే గుబులు పుట్టును. కాని అది మన పన్నులతో నడచే సంస్థ; దానిని నిలవేసి అడిగే హక్కు మనకున్నది. మద్రాసు కేంద్రం తమిళం, తెలుగు రెండింటితోనూ పుట్టినది. 1941లో అక్కడ చేరిన బాలాంత్రపు రజనీకాంతరావుగారు స్వాతంత్ర్యోదయవేళ తెలుగు గీతాన్ని వినిపించినది ఈ పట్టణంనుండే. ఆ కేంద్రాన్ని మాకు ఇంతసేపు తెలుగు కావాలని మన సంఘం ఎన్నడైనా ఒక్క ఉత్తరం వ్రాసి అడిగినదా? చందా సేవకు దరఖాస్తు నింపడానికి ఉన్న ఉత్సాహం ఉత్తరానికి ఎందుకు లేదు?

మన ఊరి పేరుతోనే లోకం పాడుకొనే సొత్తు ఒకటున్నది. త్యాగరాజస్వామి ఇక్కడికి వచ్చి త్రిపురసుందరిమీద ఐదు కృతులు చేసినారు. తెలుగు కృతులు, తమిళదేశపు గుడిలో అమ్మవారిమీద. వాటిని కాపాడినది ఏ సేవ? శిష్యుల గొంతులు. వీణ కుప్పయ్యర్ నేర్చినాడు, ఆయన కుమారుడు తిరువొత్తియూరు త్యాగయ్య నేర్చినాడు. ఆ కుమారుడు 1900లో పల్లవి స్వరకల్పవల్లి అనే గ్రంథాన్ని అచ్చువేయించినాడు. గొంతులో ఒకటి, కాగితంమీద ఒకటి. నల్లపెట్టెలో శ్రుతి చానెలు ఆగిననాడు ఆ ఐదు కృతులకు వెంట్రుకవాసి నష్టం కలుగలేదు.

కావున మా సవరణ ప్రతిపాదన ఇది. చందా సేవకు అనుకొన్న మొదటి సంవత్సరపు సొమ్ముతో ఒక మంచి ధ్వనిముద్రణ యంత్రం కొనాలి. సెలవులలో పిల్లలనే ఇద్దరిద్దరుగా మన ఇండ్లకు పంపి, ముసలివారి పాట, సామెత, కథ, తిట్టు కూడా (మన తిట్లు చాలా సొంపైనవి) పట్టించాలి. పట్టినవాటికి మూడు ప్రతులు తీసి మూడు ఇండ్లలో ఉంచాలి. ఆకాశవాణి చెన్నై కేంద్రానికి సంఘం ముద్రతో ఉత్తరం పోవాలి; జవాబు రాకపోతే రెండవది, మూడవది. ఎవరి సొమ్ముతో వారు ఏ సేవకైనా చందా కట్టుకొనవచ్చును, మాకు పేచీ లేదు. మా ఇంటిలోనూ మనుమడు కట్టియున్నాడు. సంఘం నిధి మాత్రం వద్దు.

మొదట ఎవరి గుమ్మం తట్టవలెనో కూడా చూచి ఉంచినాము. రైలుకట్ట అవతలి వీధిలో ఒక అవ్వగారున్నారు. తొంబయ్యేండ్లు దాటినవి. చెవులు వినబడవు గనుక మనము వచ్చిన పని గట్టిగా చెప్పవలసి ఉండును. గొంతు బాగానే ఉన్నది. ఉదయం తొమ్మిదింటిలోపల పోవలెను. తరువాత ఆమె నిద్రపోతారు.