జప్తుతో ప్రమాదం తీరదు

2020 ఆగస్టు 4న లెబనాన్ రాజధాని బీరుట్ ఓడరేవులో సుమారు 2,750 టన్నుల అమ్మోనియం నైట్రేట్ పేలి రెండు వందల మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఆ వెంటనే మన దేశంలో అందరి దృష్టీ చెన్నై వైపు మళ్లింది. నగర శివారులోని మణలిలో, ఒక కంటైనర్ నిల్వ కేంద్రంలో అదే రసాయనం దాదాపు 740 టన్నులు 2015 నుంచి పడి ఉన్నట్లు వెల్లడైంది.

ఆ సరుకు దక్షిణ కొరియా నుంచి వచ్చింది. ఎరువుల రకమని దిగుమతిదారు పత్రాల్లో చూపగా, పేలుడు పదార్థాల తయారీకి వాడే రకమని కస్టమ్స్ శాఖ తేల్చి జప్తు చేసింది. న్యాయ వివాదం ముగిసి వేలం పూర్తయ్యేసరికి ఐదేళ్లు గడిచాయి. బీరుట్ ఘటన తర్వాత కొద్ది రోజులకే దాన్ని విడతలవారీగా రోడ్డు మార్గంలో హైదరాబాద్‌కు తరలించారు. రోజుల్లో ముగిసిన ఈ తరలింపు ఐదేళ్లపాటు ఎందుకు జరగలేదన్నది ఆలోచించవలసిన విషయం.

చట్టాలు లేకపోవడం ఇందుకు కారణం కాదు. భోపాల్ దుర్ఘటన తర్వాత 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. దాని కింద 1989లో అపాయకర రసాయనాల తయారీ, నిల్వ, దిగుమతి నియమావళి రూపొందింది. దీని ప్రకారం దిగుమతిదారు సరుకు రావడానికి 30 రోజుల ముందు, అది సాధ్యం కాకుంటే దిగుమతి తేదీ నాటికైనా, సంబంధిత అధికార సంస్థకు సమాచారం అందించాలి. రసాయనం పరిమాణం, చేరే రేవు, రవాణా విధానం, భద్రతా వివరాలు అందులో ఉండాలి. భద్రత లేదా పర్యావరణ కారణాల రీత్యా తగదని భావిస్తే దిగుమతిని నిలిపివేసే అధికారం ఆ సంస్థకు ఉంది. అమ్మోనియం నైట్రేట్‌కు 2012 నుంచి ప్రత్యేక నియమావళి కూడా అమలులో ఉంది. పేలుడు పదార్థాల భద్రతా విభాగం లైసెన్సు లేనిదే దాన్ని దిగుమతి చేసుకోరాదు.

అయితే ఈ నిబంధనల దృష్టి ప్రధానంగా సరుకు ప్రవేశం మీదే నిలిచింది. నియమం ఉల్లంఘించిన సరుకు పట్టుబడితే చట్టం విజయం సాధించినట్లే కనిపిస్తుంది. వాస్తవానికి అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. దిగుమతిదారుకు దానిపై ఆసక్తి తగ్గుతుంది. కస్టమ్స్ శాఖకు అది వ్యాజ్యంలో సాక్ష్యం. గోదాము నిర్వాహకునికి అద్దె రాని బరువు. ఎవరి చేతిలో ఉన్నా రసాయనం స్వభావం మాత్రం మారదు. బీరుట్‌లో పేలిన నిల్వ కూడా 2013లో వచ్చిన ఓడ నుంచి దించి ఏళ్ల తరబడి వదిలేసినదే.

ఈ లోపాన్ని గుర్తించి కేంద్ర ప్రభుత్వం 2021లో అమ్మోనియం నైట్రేట్ నియమావళిని సవరించింది. జప్తు చేసిన సరుకును వేలం వేసి త్వరగా వదిలించుకునే వీలు కల్పించింది. రేవుకు వచ్చిన నిల్వను రేవు ప్రాంతానికి 500 మీటర్ల ఆవల ఉన్న గోదాములకు తరలించాలని నిర్దేశించింది. ఇది స్వాగతించదగిన మార్పు. కానీ ఇది ఒక్క రసాయనానికి పరిమితమైనది.

నిల్వలో కాలం ఎంత కీలకమో విశాఖపట్నం మరువలేదు. 2020 మే 7న ఎల్జీ పాలిమర్స్ కర్మాగారంలో, లాక్‌డౌన్ కాలమంతా ట్యాంకులో నిలిచిపోయిన స్టైరీన్ వేడెక్కి ఆవిరై వెలువడింది. 12 మంది మరణించారు. మిగిలిన నిల్వలను ఓడల్లో దక్షిణ కొరియాకు తిప్పి పంపవలసి వచ్చింది.

సముద్రం మీద కూడా ఇదే సమస్య. 2021లో ఎక్స్‌ప్రెస్ పెర్ల్ నౌకలో నైట్రిక్ ఆమ్లం కారుతున్న కంటైనర్‌ను దించుకోవడానికి ఖతర్‌లోని హమద్, గుజరాత్‌లోని హజీరా రేవులు అంగీకరించలేదు. చివరికి ఆ నౌక కొలంబో సమీపంలో తగలబడి మునిగిపోయింది. ప్లాస్టిక్ గుళికలు శ్రీలంక తీరాన్ని కమ్మేశాయి. నష్టపోయింది ఆ సరుకుతో ఏ సంబంధమూ లేని మత్స్యకారులు.

మన మందుల, రంగుల, ఎరువుల పరిశ్రమలకు దిగుమతి రసాయనాలు అవసరం. నిషేధం పరిష్కారం కాదు. సరుకు పేరు, రకం నిజాయితీగా ప్రకటించడం దిగుమతిదారు బాధ్యత. ప్రకటన తప్పని తేలిన క్షణం నుంచి ఆ సరుకుకు బాధ్యుడెవరో, ఎన్ని రోజుల్లో సురక్షిత స్థలానికి చేర్చాలో ముందే నిర్ణయించడం ప్రభుత్వ బాధ్యత. వ్యాజ్యం సాగినన్నాళ్లూ సాగవచ్చు. సాక్ష్యంగా నమూనాలను భద్రపరచి మిగతా సరుకును తరలించడానికి ఆ వ్యాజ్యం అడ్డు కారాదు. గోదాము గోడకు అవతల నివసించే వారికి తమ పక్కన ఏముందో తెలియాలి. ఆ సంగతి మణలి వాసులకు ఎక్కడో జరిగిన పేలుడు ద్వారా తెలియవలసి రావడం మన వ్యవస్థకు హెచ్చరిక.